జైలు గేటు కాడ గోళీలు ఆగొద్దు: పాలమూరు నుంచి ఒక అక్క రాస్తున్న బహిరంగ లేఖ

తెలంగాణ జైళ్ళ శాఖ పెద్దసార్లకు, వైద్యారోగ్య శాఖ సార్లకు, మేడమ్‌లకు, మా పాలమూరు, నల్గొండ దిక్కు జిల్లా న్యాయసేవాధికార సంస్థల జడ్జి సార్లకు నమస్కారం.

నేను పాలమూరు దిక్కు ఒక సబ్‌సెంటర్ల ఏఎన్ఎంను. పద్నాలుగేండ్ల సంది ఇదే పని, పిల్లలకు టీకాలు, గర్భిణోళ్ళకు చెకప్‌లు, ముసలోళ్ళకు బీపీ షుగర్ గోళీలు. అయితే ఈ ఉత్తరం ఏఎన్ఎం లెక్క రాస్తలేను, జైలుకు పోయొచ్చిన, అక్కడ మతి బీమారి గోళీలు పదకొండు రోజులు ఆగిపోయిన ఒక పిలగాని అక్క లెక్క రాస్తున్న. తమ్ముని పేరు రాయను, ఆ జైలు పేరు రాయను, ఏ దవాఖాననో కూడ రాయను. రాస్తే ఏమైతదో నాకెరుకే, ఒక వార్డర్‌కో ఒక డాక్టర్‌కో మెమో ఇస్తరు, పేపర్ల నాలుగు లైన్లు వస్తయి, ఫైల్ బంద్ అయితది. ఆ వార్డర్ తోటి నాకేం పంచాయితీ లేదు, నిజం చెప్పాలంటే ఒకనాడు ఆయన ఇంటికాడి నుంచి తెచ్చుకున్న సద్దిల నుంచే మా తమ్మునికి ఇంత పెట్టిండు.

మా తమ్మునికి ముప్పై నాలుగేండ్లు. బొంబాయిల సెంట్రింగ్ పనికి పోయినప్పుడు మొదటిసారి తేడా వచ్చింది, ఎవరో ఎంబడి పడుతున్నరని, పక్క రూమోళ్ళు తన గురించే గుసగుసలాడుతున్నరని, రాత్రి నిద్ర లేదు, మేస్త్రి బస్సెక్కించి పంపించిండు. మా అవ్వ గాలి సోకిందన్నది. జహంగీర్ పీర్ దర్గాకు తీస్కపోయింది, తాయెత్తు కట్టిచ్చింది, ఇంకేదో చేసింది, నేను వద్దనలే, ఆమె తృప్తి ఆమెది. తర్వాత నేనే పెద్ద దవాఖాన సైకియాట్రీ ఓపీకి తీస్కపోయిన. రాత్రికి ఒక రిస్పెరిడోన్, దాంతోటి చేతులు బిగుసుకపోకుండ ఇంకో చిన్న గోళీ, గంతే మందు. నాలుగేండ్లు ఒక్క పూట తప్పలేదు. ఆ నాలుగేండ్లల్లనే పెండ్లయింది, బిడ్డ పుట్టింది, రెండు బర్రెలు కొన్నడు, పొద్దుగాల పాలకేంద్రం కాడ వాని క్యానే ముందుండేది. ఊర్లె సగం మందికి వాడు గోళీలు మింగుతడని కూడ తెల్వదు.

పోయినేడు బోరు మోటర్ కాడ గట్టు పంచాయితీ లేచింది, అటోళ్ళకు దెబ్బలు తాకినయి ఇటోళ్ళకు దెబ్బలు తాకినయి, కేసు వీని మీద గట్టిగ పడ్డది. ఎవరిది తప్పో కోర్టు చూస్తది, దాని గురించి నేను రాయ.

రిమాండ్‌కు ముందు దవాఖానల చూపిస్తరు కద, నేను అక్కడనే ఉన్న. డ్యూటీ డాక్టర్ అంగీ ఇప్పమన్నడు, వీపు చూసిండు, దెబ్బలేమన్న ఉన్నయా అన్నడు, లేవు సార్ అన్నడు, సంతకం అయిపోయింది, మొత్తం రెండు నిమిషాలు. రోజూ ఏమన్న గోళీలు వాడుతున్నవా అని అడగలే. అడిగే గడి ఆ కాయితంల ఉన్నట్టు లేదు. ఆ పరీక్ష పెట్టిందే పోలీసులు కొట్టిన్రా లేదా తెల్వాలని, చట్టంల కూడ గాయాలు, దెబ్బల గుర్తులు రాయమనే ఉంటది, అది ఉండాల్సిందే, దాన్ని తీసెయ్యమంటలేను. కని మనిషి లోపట ఏం బీమారి ఉందో అడగడానికి ఇంకో నాలుగు లైన్లు పడుతయి, ఆ నాలుగు లైన్లు లేక మా తమ్ముడు పదకొండు రోజులు గోళీలు లేకుండ ఉన్నడు.

ఎట్లంటే చెప్త. మూడో రోజు ములాఖత్‌కు పోయిన, స్ట్రిప్పులు, ఓపీ చిట్టీ రెండూ పట్టుకపోయిన. గేటు కాడ ఆయన అన్నడు, బయటి గోళీలు లోపటికి పోవమ్మా, మా డాక్టర్ రాయాలె అని. డాక్టర్ ఎప్పుడొస్తడంటే వారానికి రెండుసార్లు, పక్క దవాఖాన డ్యూటీ అయినంక వస్తడట. అందుల ఒకటి పండుగ సెలవుల పోయింది. రెండోసారి వచ్చినప్పుడు రాసిండు, మంచిగనే రాసిండు, కని ఆ మందు జైలు స్టాక్‌ల లేదు, ఇండెంట్ పెట్టాలె, అంటే కావాలని పైకి రాసి తెప్పించాలె. ఇండెంట్ పోయింది. ఈ లోపల నా బ్యాగుల అవే గోళీలు నలభై ఉన్నయి, గేటు బయట చెట్టు కింద కూసున్న.

గేటు మీద ఉన్నోళ్ళ భయం నాకర్థం అయితది. ఆ చిన్న గోళీకి, చేతులు బిగుసుకపోకుండ ఇచ్చేదానికి, మత్తు కోసం మింగేటోళ్ళుంటరు, నిద్ర గోళీలైతే చెప్పే పనే లేదు, వక్కపొడి పాకెట్ల పెట్టి లోపటికి పంపే మొగోళ్ళున్నరు. చూడకుండ తీసుకోమని ఎవరంటరు? కని టీబీ గోళీలు మేమెట్ల మింగిస్తున్నమో ఒకసారి చూడుండ్రి. స్ట్రిప్పు మా దగ్గర ఉంటది, మనిషి మా ముంగట నీళ్ళతోటి మింగుతడు, కార్డు మీద టిక్ పడుతది. జైల్ల ఇంకా అల్కగ అయితది గద, మనిషి యాడికీ పోడు. చిట్టీ మీద ఓపీ నంబర్ ఉంటది, దవాఖానకు ఒక ఫోన్ కొడితే నిజమో అబద్ధమో తేలుతది, జైలు ఫార్మసిస్ట్ దగ్గర పెట్టుకొని పూటకొకటి ఇయ్యుండ్రి, మీ స్టాక్ వచ్చేదాంక నడుస్తది. సబ్‌జైల్ల ఫార్మసిస్ట్ లేకపోతే హెడ్ వార్డర్‌కు ఒక దినం నేర్పిస్తే చాలు. మా ఆశా వర్కర్లు పదో తరగతి చదివి చేస్తున్న పనే ఇది.

ఆరో రోజుకు నిద్ర పోయింది, ఎనిమిదో రోజుకు రాత్రిళ్ళు అరుసుడు మొదలైంది. బ్యారక్‌ల ఉన్నోళ్ళు రెండు రాత్రులు ఓపిక పట్టిన్రు, మూడో రాత్రి కొట్టిన్రు. ఆళ్ళను కూడ నేనేం అన, ఆళ్ళు కూడ పండాలె కద, ఇరవై మంది పండే జాగల ఎందరున్నరో లెక్క పెట్టలేదు నేను. తర్వాత వేరే సెల్‌ల ఒక్కన్ని పెట్టిన్రు. ఒక్కన్ని పెట్టుడంటే ఆ బీమారికి పెట్రోల్ పోసినట్టే, చెవుల మాటలు వినపడేటోనికి ఇంకో మనిషి గొంతు వినపడకుండ చేసిన్రు. అచ్చంపేట దిక్కు ఒక పెద్దమనిషి, ఆయన కూడ రిమాండ్‌ల ఉన్నోడే, రోజు ఊచల కాడ కూసొని వీనితోటి మాట్లాడి అన్నం తినిపిచ్చిండట. ఆయనకెవరు చెప్పిన్రు అట్ల చెయ్యమని? ఎవరు చెప్పలే.

పెద్ద దవాఖానకు రాసిన్రు, అక్కడికెల్లి హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖానకు రాసిన్రు. ఎస్కార్ట్ లేదు. ఖైదీలను తీస్కపోయే ఏఆర్ పోలీసులు నిమజ్జనం బందోబస్తుల ఉన్నరు. పాలమూరు నుంచి ఎర్రగడ్డ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, నల్గొండ నుంచి కూడ అంతే, మనిషొక్కనికి బండి, పోలీసులు, ఒక దినం మొత్తం, అంత చేస్తే అక్కడ డాక్టర్ పది నిమిషాలు చూస్తడు. మళ్ళ పదిహేను రోజులకు రమ్మంటడు.

సార్, ఇక్కడ ఒక్క మాట అడుగుత. వాయిదాకు మా తమ్మున్ని కోర్టుకు తీస్కపోలే, జైల్లనే టీవీ ముంగట నిలబెట్టి జడ్జి సార్‌కు చూపించిన్రు, రెండుసార్లు. మా సబ్‌సెంటర్ల మేము ఈ-సంజీవని మీద ఫోన్లనే డాక్టర్ను మాట్లాడిస్తున్నం, పల్లెటూరి ముసలమ్మ కూడ స్క్రీన్ల డాక్టర్‌కు దండం పెడ్తది. మహబూబ్‌నగర్‌ల మెడికల్ కాలేజీ 2016ల వచ్చింది, నల్గొండల సూర్యాపేటల 2019ల వచ్చినయి, నాగర్‌కర్నూల్, వనపర్తిల 2022ల వచ్చినయి. మెడికల్ కాలేజీ అంటే సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ ఉండాల్సిందే. జడ్జి సార్ కనపడే ఆ టీవీలనే వారానికి ఒక పూట ఆ డాక్టర్ను కూసోబెడితే ఎస్కార్ట్ ఎందుకు, డీజిల్ ఎందుకు? పరిస్థితి చెయ్యి దాటినోన్నే ఎర్రగడ్డకు పంపుతరు, మిగిలినోళ్ళు ఇక్కడనే బాగయితరు. హోం శాఖది జైలు, వైద్యారోగ్య శాఖది డాక్టర్, మధ్యల ఒక కాయితం తిరుగుడుకే మా పదకొండు రోజులు పోయినయి.

ఇంకో సంగతి, ఇది మా దిక్కే ఎక్కువ, హైదరాబాద్ ఆఫీసుల కూసున్నోళ్ళకు అంత తెల్వకపోవచ్చు. కల్లు. నేను చెట్టు కల్లు గురించి చెప్తలేను. డిపో కల్లు, మందు కల్లు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ అసుంటి మత్తు మందులు కలిపిన నీళ్ళు, దాన్నే కల్లంటున్నరు. కూలికి పోయొచ్చి రోజూ రెండు సీసాలు తాగేటోన్ని ఒక దినం సడెన్‌గ లోపటేస్తే ఏమైతది? 2015 సెప్టెంబర్‌ల సర్కార్ కల్తీ కల్లు మీద పడ్డప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాలల్ల మనుషులు వణికిన్రు, మెడలు తిప్పిన్రు, తమల తామే మాట్లాడుకున్నరు, దవాఖానలు నిండినయి, కొందరు చచ్చిపోయిన్రు కూడ, అప్పుడు నేను డ్యూటీల ఉన్న, ఆ రాత్రులు నేను మర్వ. మరి ఇదే సంగతి ఆ కల్లు అలవాటున్న ప్రతి రిమాండ్ ఖైదీకి మొదటి రెండు మూడు రోజులల్ల అయితుండొచ్చు, అది జైల్ల అయితది కాబట్టి పేపర్ల రాదు. సారా, లిక్కర్ బాగ తాగేటోనికి అయితే మానేసిన ఆరు గంటల కాడికెల్లి రెండు రోజుల లోపల ఫిట్స్ రావొచ్చు, మూడో రోజు నాలుగో రోజు మతి తప్పొచ్చు, ప్రాణం మీదకు కూడ వస్తది. డైజోఫాం అలవాటున్నోనికి ఇంకా ఆలస్యంగ, వారానికి కూడ రావొచ్చు. చూసెటోళ్ళు నాటకమాడుతున్నడు అంటరు, లేకపోతే జైలంటే భయపడ్డడు అంటరు, రెండు తగిలిస్తరు. మొదటి రాత్రి గేటు కాడ "కల్లు రోజూ తాగుతవా, ఎన్ని సీసాలు, ఆఖరుకు ఎప్పుడు తాగినవ్" అని ముచ్చట లెక్క అడిగితే ఎవడైన చెప్తడు, మా దిక్కు అది దాచే సంగతే కాదు. తెలిస్తే డాక్టర్ కొద్దికొద్దిగ తగ్గించుకుంట గోళీ ఇస్తడు, పానం నిలుస్తది.

ఊర్లల్ల ముప్పై ఏండ్లు దాటినోళ్ళ ఇంటికి పోయి మా ఆశాలు ఫారం నింపుతరు, అందుల చివర్న రెండు ప్రశ్నలుంటయి, రెండు వారాల సంది పనుల మీద మనసు లేకుండ ఉన్నదా, దిగులుగ నిరాశగ ఉన్నదా అని. మంచిగ ఇంట్ల ఉన్నోళ్ళకే అడుగుతున్నం ఇది. బేడీలేసి తెచ్చినోన్ని, పెండ్లాం పిల్లలు ఎక్కడున్నరో తెల్వనోన్ని అడగొద్దా? 2022ల దేశం మొత్తం మీద జైళ్ళల్ల 119 మంది ఆత్మహత్య చేసుకున్నరు, ఇది సర్కార్ లెక్కనే. ఆ ఏడు ఆఖరుకు జైళ్ళల్ల ఉన్నది 5,73,220 మంది, అందుల 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి దగ్గర దగ్గర 76 మందికి ఇంకా శిక్ష పడనే లేదు. 2016 మోడల్ జైలు మాన్యువల్‌ల ప్రతి 500 మందికి ఒక సైకాలజిస్టో కౌన్సెలరో ఉండాలని ఉంది. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025ల రాసిందేందంటే, దేశం మొత్తం జైళ్ళకు కలిపి సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు 25 మంది. ఇరవై అయిదు. నేను మొదలు అచ్చుతప్పేమో అనుకున్న.

చట్టం లేదా అంటే ఉన్నది. లీగల్ ఎయిడ్ వకీల్ మేడమ్ చెప్తే నేను చదివిన, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017. దాంట్ల 31వ సెక్షన్ ప్రకారం జైలు డాక్టర్లకు మానసిక వైద్యం బేసిక్ ట్రైనింగ్ సర్కారే ఇయ్యాలె. 103వ సెక్షన్ల ప్రతి రాష్ట్రంల కనీసం ఒక జైలు మెడికల్ వింగ్‌ల మానసిక వైద్య కేంద్రం ఉండాలె. అదే సెక్షన్ల ఇంకోటుంది, అది చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. జైలు డాక్టర్ మూడు నెలలకోసారి ఆ చట్టం కింద పెట్టే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు రిపోర్ట్ పంపాలె, ఏమనంటే, మా జైల్ల మానసిక రోగం ఉన్న ఖైదీలెవరు లేరు అని సర్టిఫై చెయ్యాలె. లేరు అని. ఉన్నరా లేరా చూసి చెప్పు అని అడిగితే ఒక తీరు, లేరని రాసియ్యి అంటే ఎవరు వెతుకుతరు సార్? మా తమ్ముడు ఉన్న ఆ మూడు నెలల రిపోర్ట్‌ల ఏం రాసిన్రో నాకు చూడాలని ఉన్నది. ఆ రిపోర్టులు మనుషుల పేర్లు తీసేసి, జైలు వారీగ ఎంతమంది అని నోటీస్ బోర్డు మీద పెట్టుండ్రి. బోర్డు మెంబర్లు జైలుకు పోయి చూసే అధికారం కూడ అదే చట్టంల ఉన్నది.

మతి బాగ లేదని లోపట పెట్టి మర్చిపోవుడు ఈ దేశంల కొత్తేం కాదు. అస్సాంల మచాంగ్ లాలుంగ్ అని ఒకాయన, 1951ల పట్టుకపోయిన్రు, మెంటల్ హాస్పిటల్‌ల ఏసిన్రు, ఏండ్లకేండ్లు ఎవరు పట్టించుకోలే, 2005ల బయటికొచ్చిండు, 54 ఏండ్లకు. విచారణే జరగలే ఆయనకు. 1993ల షీలా బర్సే కేసుల సుప్రీంకోర్టు ఏ నేరం చెయ్యని మానసిక రోగులను జైల్ల పెట్టుడు రాజ్యాంగానికి విరుద్ధం అన్నది. మా తమ్ముడు ఆ లెక్కల రాడు, వాని మీద కేసుంది. అయినా ములాఖత్ లైన్ల నిలబడితే గిసుంటివి ఎన్ని ఇనపడుతయో. ఒకామె తండ్రిది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ తోటి మోకాళ్ళు వంగవు, కింద కూసునే లెట్రిన్‌కు పోలేక అన్నమే తగ్గించిండట. ఇంకొకామె కొడుకుకు మూర్ఛ, గోళీ తప్పితే ఫిట్స్ మీద ఫిట్స్. అన్ని ఒక్కతీరే, బయట ఉన్నప్పుడు నడిచిన మందు గేటు కాడ ఆగిపోయింది. చంచల్‌గూడ మహిళా జైలుకు మా దిక్కు నుంచి బిడ్డను చూడపోయే తల్లులున్నరు, బస్ ఫ్రీ ఉన్నా ఒక దినం కూలి పోతది, ఆమెకు లోపట ఎట్లుందో చెప్పేటోళ్ళు లేరు. ఆడోళ్ళ సంగతి వేరే రాయాలె, నాకు అంత తెల్వది.

పాత సంగారెడ్డి జైలును మ్యూజియం చేసి 500 రూపాయలకు ఒక దినం జైలు ఎట్లుంటదో చూడుండ్రి అని పెట్టిన్రు గద, మా ఇంటాయన అన్నడు, మనకు ఫ్రీగనే దొరికిందే అని. జైళ్ళ శాఖ పెట్రోల్ బంకులు నడుపుతది, సబ్బులు, బెంచీలు చేసి అమ్ముతది, ఆ పనులు చక్కగ చేస్తరని అందరంటరు, నేను కూడ అంట. అంత చక్కగ బంకు నడిపేటోళ్ళకు గోళీల రిజిస్టర్ నడుపుడు కష్టమా?

బయటికొచ్చుడు ఇంకో కథ. బెయిల్ వచ్చినంక జమానతుదార్లు దొరకక ఇంకా కొన్ని దినాలు లోపటనే ఉన్నడు, ఇద్దరు ష్యూరిటీలు కావాలె, గట్టు పంచాయితీల సగం ఊరు అటు పోయింది. ఆఖరికి కాయితాలు పోయేటాల్లకు చీకటైంది, రాత్రి ఎనిమిదింటికి గేటు తీసిన్రు. చేతిల బట్టల సంచి, ఇంకేం లేదు. ఆఖరికి ఎర్రగడ్డకు తీస్కపోయినప్పుడు అక్కడ మందు మార్చిన్రని, డోసు పెంచిన్రని మాకెవరు చెప్పలే, ఆ చిట్టీ జైలు ఫైల్‌లనే ఉండిపోయింది. నేను ఇంటికొచ్చి పాత గోళీ పాత డోసే ఇచ్చిన, ఏఎన్ఎంను అయ్యుండి. పది దినాలకు మళ్ళ నిద్ర పోయింది. అప్పుడు మళ్ళ పోయి, బతిమాలి, జెరాక్స్ తెచ్చుకున్న. విడుదలయ్యేటోనికి సంతకాలు తీసుకుంటరు కద, పైసలు ముట్టినయి, బట్టలు ముట్టినయి అని, అదే టేబుల్ మీద నెల రోజుల గోళీలు, డాక్టర్ చిట్టీ జెరాక్స్ ఒకటి పెట్టి దానికి కూడ ఒక సంతకం తీసుకోండ్రి. ఆ ఊరి పీహెచ్‌సీకి ఒక ఫోన్ కొడితే మా అసుంటోళ్ళం ఇంటికి పోయి చూస్తం, అది మా పనే.

ఫోన్ అంటే యాదికొచ్చింది, లోపట ఖైదీలు ఇంటికి ఫోన్ చేసుకునే డబ్బా ఉంటది, రాసిచ్చిన నంబర్లకే పోతది. దాంట్ల 14416 కూడ పెట్టుండ్రి, టెలీ మానస్, 2022 నుంచి నడుస్తున్నది, తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు. వార్డర్లకు కూడ ఆ నంబర్ అక్కరకొస్తది. పన్నెండు గంటలు నిలబడి అరుపులు ఇనేది ఆళ్ళే.

న్యాయసేవాధికార సంస్థ జడ్జి సార్లకు ఒకటే మనవి. మీరు విజిట్‌కు వస్తున్నరంటే ముందు రోజే బ్యారక్ కడుగుతరు, అన్నంల ముక్కలు పడుతయి, అందరు లైన్ల నిలబడి అంతా మంచిగుంది సార్ అంటరు. ఈసారి వస్తే వంటగది తర్వాత చూడుండ్రి, మొదలు మందుల రిజిస్టర్ తెప్పించి, కొత్తగ వచ్చిన పది మంది పేర్లు చూసి, వచ్చిన దినానికి మొదటి గోళీ పడ్డ దినానికి మధ్యల ఎన్ని దినాలున్నయో లెక్క పెట్టుండ్రి.

మా తమ్ముడు ఇప్పుడు మంచిగనే ఉన్నడు. ఒక బర్రె అమ్మినం, ఒకటి ఉన్నది. కేసు నడుస్తున్నది, వచ్చే నెల వాయిదా. ఒక వాయిదాకు జరం వచ్చి పోకపోతే వారెంట్ పడొచ్చు, తీర్పు ఎటు వస్తదో దేవునికెరుక, మళ్ళ ఆ గేటు మొకం చూడమని నేను చెప్పలేను. అందుకే ఓపీ చిట్టీ, ఎర్రగడ్డ చిట్టీ, గోళీల పేర్లు తెలుగుల ఇంగ్లీషుల రాసిన కాయితం, అన్ని కలిపి జెరాక్స్ మూడు సెట్లు తీసి ప్లాస్టిక్ కవర్ల పెట్టిన. ఒకటి ఠాణాకు, ఒకటి దవాఖానకు, ఒకటి జైలుకు. గేటు కాడ అది ఎవరు తీసుకుంటరో జర ఆళ్ళ హోదా ఒక్కటి రాసి చెప్పుండ్రి.

ఇట్లు,
పాలమూరు దిక్కు ఒక ఏఎన్ఎం, ఒక అక్క